స్పీకర్లకు తగిన యాంప్లిఫైయర్: ఎన్ని వాట్లు చాలు, డబ్బు ఎక్కడ పెట్టాలి

యాంప్లిఫైయర్ కొనబోయేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని వాట్లది తీసుకోవాలి?" షాపులో జవాబు కూడా రెడీగా ఉంటుంది, ఎన్ని ఎక్కువైతే అంత మంచిదని. ఈ ప్రశ్ననూ ఆ జవాబునూ కాసేపు పక్కన పెట్టండి. మీ హాల్లో ఎంత సౌండ్ వస్తుందన్నది యాంప్ పెట్టె మీద ఉన్న పెద్ద అంకె కన్నా, స్పీకర్ స్పెసిఫికేషన్లలో చిన్న అక్షరాల్లో ఉండే రెండు అంకెలే ఎక్కువగా తేలుస్తాయి. ఒకటి సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కొద్దిపాటి పవర్‌కు స్పీకర్ ఎంత సౌండ్ ఇస్తుందో. రెండోది ఇంపెడెన్స్, అంటే స్పీకర్ కరెంట్‌ను ఎంత అడ్డుకుంటుందో, దీన్ని ఓమ్స్‌లో చెబుతారు. ఈ రెండూ చేతిలో ఉంటే వాట్ల లెక్క ఐదు నిమిషాల పని.

నా సలహా ముందే చెప్పేస్తాను. మామూలు సైజు హాలు, మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (స్టాండ్ మీదో అల్మారాలోనో పెట్టే చిన్నవి) అయితే ఛానల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, 40 నుంచి 60 వాట్లు చాలు. అంతకు మించి వాట్ల కోసం పెట్టే డబ్బును స్పీకర్ల మీద పెడితే తేడా చెవికి తెలుస్తుంది. కాకపోతే ఆ 40 వాట్లు నిజంగా 40 అయి ఉండాలి. గొడవంతా అక్కడే.

పెట్టె మీద రాసిన వాట్లు

తొంభైల్లో స్టీరియోలు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అరచేతిలో పట్టే స్పీకర్ మీద కూడా "1000 వాట్స్ పీఎంపీఓ" అని మెరిసే స్టిక్కర్. ఆ పీఎంపీఓకి ఒక కొలత పద్ధతి అంటూ లేదు. ఏ కంపెనీకి తోచిన అంకె ఆ కంపెనీ వేసుకునేది. ఇప్పుడు ఆ స్టిక్కర్లు తగ్గాయి గానీ అలవాటు పోలేదు, వేషం మార్చుకుంది. "పీక్", "మ్యాక్స్", "డైనమిక్" అన్న మాటల పక్కన ఉన్న అంకెను పట్టించుకోకండి. చూడాల్సింది ఇలాంటి వాక్యం: 8 ఓమ్స్ లోడ్‌కు, రెండు ఛానళ్ళూ నడుస్తుండగా, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, ఇంత డిస్టార్షన్ (సౌండ్ వికృతం కావడం) లోపు, ఇన్ని వాట్లు. ఇందులో ఏ ముక్క తగ్గినా అంకె పెరిగిపోతుంది. 8 బదులు 6 ఓమ్స్ అని, రెండు ఛానళ్ళ బదులు ఒక్కటే నడిపి, మొత్తం ఫ్రీక్వెన్సీ రేంజ్ బదులు 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే కొలిచి, డిస్టార్షన్ 10 శాతం దాకా వదిలేస్తే 60 వాట్ల యాంప్ కూడా కాగితం మీద వంద దాటేస్తుంది.

అమెరికాలో ఈ గందరగోళం తగ్గించడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఒక నిబంధన తెచ్చింది. 2024లో దాన్ని మళ్ళీ బిగించి, 8 ఓమ్స్, పూర్తి ఫ్రీక్వెన్సీ రేంజ్, 1 శాతం లోపు డిస్టార్షన్ అని షరతులు ఖాయం చేసింది. మనం ఇక్కడ కొన్నా, ఆ మోడల్ అమెరికాలో కూడా అమ్ముడవుతుంటే అక్కడి స్పెసిఫికేషన్ తెరిచి చూడటం మంచి చిట్కా.

చిన్న క్లాస్ డి యాంప్‌ల, అంటే పవర్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ తక్కువ వేడితో నడిచే చిన్న పెట్టెల, విషయంలో ఇంకా సులువైన పరీక్ష ఉంది. దానితో వచ్చే అడాప్టర్ చూడండి. ఈ రకం యాంప్ 8 ఓమ్స్ స్పీకర్‌కు శుభ్రంగా ఇవ్వగలిగే గరిష్ఠం ఎంతంటే, అడాప్టర్ వోల్టేజీని దానితోనే గుణించి 16తో భాగిస్తే వచ్చేది. 12 వోల్టుల అడాప్టర్ అయితే 9 వాట్లు. 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్ అయితే 22. 24 వోల్టులకు 36. "50 వాట్స్ + 50 వాట్స్" అని రాసి 12 వోల్టుల అడాప్టర్ ఇచ్చారంటే ఇంకేం చెప్పాలి! అలాగే 300 వాట్లు, 300 వాట్లు అని రాసి 48 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టర్ పెడతారు. 48ని 5తో గుణిస్తే 240. గోడ నుంచి వచ్చేదే 240 వాట్లయితే, రెండు స్పీకర్లకు కలిపి అంతకన్నా ఎక్కువ నిలకడగా ఎక్కడి నుంచి వస్తుంది? అలాగని ఆ యాంప్ పనికిరానిదని కాదు. ఛానల్‌కు వంద వాట్లు వచ్చినా అది గట్టి యాంపే. అంకె మాత్రం చిప్ తయారీదారు డేటాషీట్ నుంచి ఎత్తి పెట్టింది, అదీ 10 శాతం డిస్టార్షన్ దగ్గరిది.

సెన్సిటివిటీ అనే అసలు అంకె

స్పీకర్‌కు 2.83 వోల్టులు ఇచ్చి మీటరు దూరంలో ఎంత సౌండ్ వస్తుందో కొలుస్తారు. 8 ఓమ్స్ స్పీకర్‌కు 2.83 వోల్టులంటే సరిగ్గా 1 వాట్. మార్కెట్లో దొరికే ఇంటి స్పీకర్లలో ఎక్కువ శాతం 84 నుంచి 90 డెసిబెల్స్ (డీబీ) మధ్య ఉంటాయి. కెఫ్ ఎల్‌ఎస్50 మెటా 85, క్యూ అకౌస్టిక్స్ 3020ఐ 88, క్లిప్ష్ ఆర్‌పీ-600ఎంకు కంపెనీ చెప్పేది 96. డెబ్భైల్లో బీబీసీ ఇంజినీర్లు తయారుచేసిన ఎల్‌ఎస్3/5ఎ రకం చిన్న మానిటర్లు 83 దగ్గర ఉంటాయి.

85కీ 88కీ తేడా మూడే కదా అనిపిస్తుంది. కానీ 3 డీబీ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. 10 డీబీ పెరగాలంటే పది రెట్లు. చెవికి "రెట్టింపు సౌండ్" అనిపించేది కూడా దాదాపు ఆ 10 డీబీకే. అంటే 50 వాట్ల యాంప్ తీసేసి 100 వాట్లది పెడితే వచ్చేది 3 డీబీ, వాల్యూమ్ కొంచెం తిప్పినంత. 45 వాట్ల యాంప్‌కూ 60 వాట్ల యాంప్‌కూ తేడా డీబీన్నర కూడా ఉండదు. ఆ తేడా కోసం పదివేలు అదనంగా పెట్టేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. అదే డబ్బుతో 85 డీబీ స్పీకర్ల బదులు 88 డీబీ స్పీకర్లు తీసుకుంటే, ఉన్న 45 వాట్లే 90 వాట్ల పని చేస్తాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. 12 అడుగులకు 14 అడుగుల హాలు అనుకోండి, స్పీకర్లకు ఎనిమిది తొమ్మిది అడుగుల దూరంలో సోఫా. అంత దూరం వెళ్ళేసరికి గదిలో సుమారు 6 డీబీ పోతుంది. ఆరుబయట అయితే ఇంకా ఎక్కువ పోయేది, గోడలు కొంత వెనక్కి ఇస్తాయి. స్పీకర్లు రెండు కాబట్టి 3 డీబీ కలుస్తుంది. మొత్తం మీద స్పీకర్ సెన్సిటివిటీలో 3 తీసేయండి. ఒక్కో స్పీకర్‌కు 1 వాట్ ఇస్తే సోఫా దగ్గర వినిపించేది అదే. కెఫ్‌కు 82, క్యూ అకౌస్టిక్స్‌కు 85, క్లిప్ష్‌కు 93.

సగటున 80 డీబీ అంటే ఇంట్లో అది పెద్ద సౌండే. పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. అంటే మీరు గట్టిగా వింటున్నాం అనుకునే సమయంలో కూడా స్పీకర్‌కు వెళ్ళేది సగటున ఒక వాట్ లోపే. మరి 40, 60 వాట్లు ఎందుకు? సంగీతం సగటు మీద నడవదు కాబట్టి. మృదంగం మీద దెబ్బ పడిన ఆ క్షణంలో సౌండ్ సగటు కన్నా 15, 20 డీబీ పైకి లేస్తుంది. ఆ లేచిన క్షణానికి కావాల్సిన పవరే మీ యాంప్ సైజు. సగటు 80, పీక్ 100 అని పెట్టుకుంటే 85 డీబీ స్పీకర్‌కు 18 డీబీ అదనం కావాలి, అంటే సుమారు 63 వాట్లు. 88 డీబీ స్పీకర్‌కు 32 వాట్లు. 96 డీబీ స్పీకర్‌కు 5 వాట్లు! 83 డీబీ పాతకాలపు మానిటర్‌కు మాత్రం 100.

ఏం వింటారన్నది కూడా లెక్కలో చేర్చాలి. ఘంటసాల కాలం నాటి రికార్డింగుల్లో సౌండ్ ఎగుడుదిగుళ్ళు పెద్దగా ఉండవు, 20 వాట్లతో హాయిగా వినొచ్చు. ఇప్పటి సినిమా పాటల్ని మాస్టరింగ్‌లోనే గట్టిగా కంప్రెస్ చేస్తారు, పీక్‌కూ సగటుకూ దూరం 10 డీబీ లోపే ఉండటం మామూలు. వాటికి పీక్ పవర్ పెద్దగా అక్కర్లేదు గానీ స్పీకర్‌కు విశ్రాంతి ఉండదు. మంచి కచేరీ రికార్డింగులకే హెడ్‌రూమ్, అంటే పీక్‌ల కోసం మిగిలి ఉండే పవర్, నిజంగా కావాలి. నాదస్వరం, డోలు పెళ్ళిపందిట్లో వినిపించినంత సౌండ్‌తో హాల్లో వినాలని ఎవరైనా అనుకుంటే వాళ్ళకు ఈ సలహా సరిపోదు, పక్క ఫ్లాట్‌ వాళ్ళు కూడా ఖాళీ చేయాల్సి వస్తుంది.

టైల్స్ నేల, ఉత్త గోడలు, అద్దాల కిటికీలు ఉన్న మన హాళ్ళలో సౌండ్ త్వరగా చావదు. కార్పెట్లు, బరువైన కర్టెన్లు ఉన్న గది కన్నా ఇక్కడ వాట్లు తక్కువే పడతాయి. రొద మాత్రం ఎక్కువగా ఉంటుంది. దానికి మందు ఇంకో యాంప్ కాదు, ఒక మందపాటి చాప.

కంపెనీలు ఇచ్చే సెన్సిటివిటీని కూడా గుడ్డిగా నమ్మకండి. గదిలో కొలిచినట్టుగా లెక్కగట్టిన అంకె 3, 4 డీబీ ఎక్కువ కనిపిస్తుంది. అంకె మరీ ఆకర్షణీయంగా ఉంటే అంత తగ్గించుకుని లెక్క వేయండి. ఇంకో మెలిక ఉంది: 4 ఓమ్స్ స్పీకర్ 2.83 వోల్టుల దగ్గర తినేది 1 వాట్ కాదు, 2 వాట్లు. కాబట్టి 4 ఓమ్స్ స్పీకర్‌కు 88 అని ఉంటే, వాట్‌కు లెక్కలో అది 85 డీబీ స్పీకరే.

బేస్ నాబ్ తినే వాట్లు

ఈ లెక్కంతా తారుమారు చేసేది ఒకటుంది. చాలా యాంప్‌లలో బేస్ నాబ్ పూర్తిగా తిప్పితే కింది ఫ్రీక్వెన్సీలు 8 నుంచి 10 డీబీ పెరుగుతాయి. పది డీబీ అంటే పది రెట్లు అని ఇందాకే చెప్పుకున్నాం. 5 వాట్లతో పోయేది 50 అడుగుతుంది. బేస్ ఫుల్, పైన లౌడ్‌నెస్ బటన్ ఆన్, వాల్యూమ్ మూడొంతులు పెట్టి "యాంప్‌లో పవర్ లేదు" అనేవాళ్ళకు కావాల్సింది పెద్ద యాంప్ కాదు, సొంత యాంప్ ఉన్న సబ్‌వూఫర్. ఐదంగుళాల వూఫర్‌కు (స్పీకర్లో బేస్ ఇచ్చే కోన్‌కు) ఎన్ని వాట్లు పోసినా 40 హెర్ట్జ్ బేస్ రాదు, కోన్ ఊగి ఊగి టపటప కొట్టుకుంటుంది అంతే.

ఉన్న యాంప్ సరిపోతుందో లేదో మల్టీమీటర్‌తో

కొత్తది కొనే ముందు ఇది చేసి చూడండి. రెండు మూడు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. ఫుల్ స్కేల్ (డిజిటల్ ఫైల్‌లో పట్టే గరిష్ఠ స్థాయి) కన్నా 12 డీబీ తక్కువలో ఉన్న 120 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ఫైల్ ఒకటి కావాలి, ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీరే చేసుకోవచ్చు. ముందు మీకు నచ్చిన పాట, మీరు ఎప్పుడైనా పెట్టే అతి గట్టి వాల్యూమ్‌లో పెట్టండి. వాల్యూమ్ నాబ్ అక్కడే వదిలేసి పాట ఆపండి. యాంప్ ఆఫ్ చేసి స్పీకర్ వైర్లు విప్పేయండి. మళ్ళీ ఆన్ చేసి, అదే ఫోన్ లేదా ప్లేయర్ నుంచి ఆ టోన్ వేసి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక ఛానల్ ప్లస్, మైనస్ టెర్మినళ్ళ మీద ఆనించండి. వచ్చిన అంకెను 4తో గుణించండి. మీటర్ 3 వోల్టులు చూపిస్తే 12. దాన్ని దానితో గుణించి స్పీకర్ ఓమ్స్‌తో భాగిస్తే, 144ను 8తో, 18 వాట్లు. మీ గదిలో, మీ చెవులకు, మీ గట్టి వాల్యూమ్‌కు అవసరమయ్యే గరిష్ఠ పవర్ అదే.

చాలామందికి ఈ అంకె 20 దాటదు. నాబ్ సగం కూడా తిరగలేదు కాబట్టి సగం పవర్ మిగిలే ఉందనుకోవడం మాత్రం పొరపాటు. సోర్స్ నుంచి 2 వోల్టుల సిగ్నల్ వస్తుంటే చాలా యాంప్‌లు నాబ్ సగం దాటేసరికే ఫుల్ పవర్‌కు వెళ్ళిపోతాయి.

వాల్వ్ యాంప్‌కు (గాజు ట్యూబులతో నడిచేదానికి) ఈ పరీక్ష చేయకండి. స్పీకర్ లేకుండా నడిపితే దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుంది.

8 ఓమ్స్ అని రాసినా

ఇంపెడెన్స్ ఒకే అంకె కాదు, ఫ్రీక్వెన్సీని బట్టి పైకీ కిందికీ పోతుంది. నామినల్ అంకెలో 80 శాతం కన్నా కిందికి దిగకూడదని ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. అంటే 8 ఓమ్స్ అని రాసిన స్పీకర్ 6.4 కన్నా తగ్గకూడదు. కంపెనీలు దీన్ని అంత ఖాతరు చేయవు. ఎల్‌ఎస్50 మెటానే చూడండి, నామినల్ 8 ఓమ్స్, కనిష్ఠం 3.5 అని కంపెనీయే రాస్తుంది. 20 వోల్టుల సిగ్నల్ దగ్గర నిజమైన 8 ఓమ్స్‌కు రెండున్నర ఆంపియర్లు చాలు. 3.5 ఓమ్స్ దగ్గర దాదాపు 6 ఆంపియర్లు కావాలి. యాంప్ వాట్ల అంకె ఒకటే అయినా, ఈ కరెంట్ ఇవ్వగలిగేదీ ఇవ్వలేనిదీ వేరు.

దీన్ని పసిగట్టే దారి: 8 ఓమ్స్ పవర్, 4 ఓమ్స్ పవర్ పక్కపక్కన చూడండి. కాగితం మీద ఆదర్శ యాంప్ అయితే రెట్టింపు కావాలి. మరాంట్జ్ పీఎం6007కు 45, 60. డెనాన్ పీఎంఏ-600ఎన్ఈకి 45, 70. ఈ ధరలో ఇది గౌరవప్రదమే. 4 ఓమ్స్ అంకె అసలు ఇవ్వని యాంప్‌ను, "6 ఓమ్స్ లేదా ఆ పైన మాత్రమే" అని వెనక రాసి ఉన్న యాంప్‌ను కష్టమైన స్పీకర్లకు తగిలించకండి. 1978లో వచ్చిన నాడ్ 3020 ఇప్పటికీ తలుచుకునే యాంప్ కావడానికి కారణం ఇదే. అది ఛానల్‌కు 20 వాట్లదే, కానీ తక్కువ ఇంపెడెన్స్ దగ్గర కరెంట్ ఇవ్వడానికి వెనకాడేది కాదు. కాగితం మీద దానికి రెట్టింపు వాట్లున్న యాంప్‌లు తడబడే స్పీకర్లను అది నడిపేది.

ఒకే యాంప్‌కు ఎ, బి అని రెండు జతలు తగిలిస్తే చాలా మోడళ్ళలో అవి ప్యారలల్‌లో ఉంటాయి. రెండు 8 ఓమ్స్ జతలు కలిసి 4 ఓమ్స్ అవుతాయి. వంటింట్లో ఒక జత, హాల్లో ఒక జత అనుకునేవాళ్ళు ఇది చూసుకోవాలి.

తక్కువ పవర్ ప్రమాదమా, ఎక్కువ పవర్ ప్రమాదమా

చిన్న యాంప్ పెద్ద స్పీకర్లను కాల్చేస్తుందన్న మాట మీరు వినే ఉంటారు. అందులో సగం నిజం. 20 వాట్ల యాంప్‌ను దాని హద్దులో వాడితే ఏ స్పీకర్‌కూ ఏమీ కాదు. హద్దు దాటి గుంజితే తరంగం పైభాగం కోసినట్టు చదునవుతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా క్లిప్ అయిన 30 వాట్ల యాంప్ నుంచి 60 వాట్ల దాకా రావచ్చు. పైగా అందులో హై ఫ్రీక్వెన్సీ భాగం పెరుగుతుంది, అదంతా ట్వీటర్ (సన్నటి శబ్దాలు ఇచ్చే చిన్న భాగం) మీద పడుతుంది. ట్వీటర్ వాయిస్ కాయిల్ తల వెంట్రుక లాంటి తీగ, కొద్ది వాట్ల నిలకడ వేడికే తెగిపోతుంది. పార్టీల్లో పోయేవి ట్వీటర్లే ఎందుకంటే ఇందుకే.

ఎక్కువ పవర్ ఉన్న యాంప్‌తో ప్రమాదం వేరు. వూఫర్ కోన్ హద్దు దాటి కదిలి దెబ్బతింటుంది. కానీ అలా అవ్వాలంటే ముందు మీ చెవులే ఒప్పుకోవు. గొంతు బొంగురుగా, హై-హ్యాట్ గరగరగా వినిపించిన వెంటనే వాల్యూమ్ తగ్గించే అలవాటు ఉన్నవాళ్ళకు రెండు రకాల యాంప్‌లూ క్షేమమే. స్పీకర్ వెనక "100 వాట్స్" అని ఉంటే అది తట్టుకునే హద్దు, మీరు తప్పక ఇవ్వాల్సిన మోతాదు కాదు. స్పీకర్ 100 అయితే యాంప్ 150 ఉండాలి, 200 ఉండాలి అనే సూత్రాలు పందిళ్ళలో, స్టేజీల మీద వాడే స్పీకర్ల నుంచి ఇంటికి వచ్చినవి. ఇంట్లో వాటితో పని లేదు.

ఏ రకం యాంప్ ఎవరికి

బెడ్‌రూమ్‌లో, టేబుల్ మీద, నాలుగడుగుల దూరంలో వినేవాళ్ళకు చిన్న క్లాస్ డి యాంప్ మించింది లేదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీపీఏ3116 చిప్ మీద కట్టినవి 24 వోల్టుల అడాప్టర్‌తో నిజమైన 30 వాట్లకు అటూ ఇటూ ఇస్తాయి. హాలుకు అయితే టీపీఏ3255 చిప్‌తో, 36 నుంచి 48 వోల్టుల మంచి అడాప్టర్‌తో ఉన్నవి చూడండి. రూపాయికి వాట్ల లెక్కలో వీటిని కొట్టేది లేదు. లోటు ఏమిటంటే, చవక మోడళ్ళలో ట్రెబుల్ స్పీకర్ ఇంపెడెన్స్‌ను బట్టి కొంచెం మారుతుంది. ఒకరి ఇంట్లో స్వచ్ఛంగా ఉన్నది మీ ఇంట్లో పదునుగా అనిపించొచ్చు. వీటి మైనస్ టెర్మినళ్ళు రెండూ ఎప్పుడూ కలపకూడదు, యాంప్ పోతుంది.

ఇంటిగ్రేటెడ్ యాంప్, అంటే డెనాన్, మరాంట్జ్, యమహా లాంటి కంపెనీల 45, 60 వాట్ల పెట్టె, హాల్లో సంగీతానికే పెట్టుకునేవాళ్ళకు నా మొదటి ఎంపిక. స్పెసిఫికేషన్ నిజాయితీగా ఉంటుంది, ప్రొటెక్షన్ ఉంటుంది, పదిహేనేళ్ళు నడుస్తుంది, రికార్డ్ ప్లేయర్‌కు ఫోనో ఇన్‌పుట్ కూడా ఉంటుంది. యమహా ఎ-ఎస్301 ఛానల్‌కు 60 వాట్లని పూర్తి ఫ్రీక్వెన్సీ రేంజ్‌లో చెబుతుంది. ఆ మాట నమ్మొచ్చు.

సినిమాలు కూడా చూస్తాం, సెట్‌టాప్ బాక్స్ కూడా దీనికే అంటే ఏవీ రిసీవర్, అంటే టీవీకి తగిలించి ఐదు అంతకన్నా ఎక్కువ స్పీకర్లు నడిపే యాంప్. దాని వాట్ల అంకె సాధారణంగా ఒకటి లేదా రెండు ఛానళ్ళు నడిపి చెప్పింది. ఐదు స్పీకర్లూ ఒకేసారి గట్టిగా మోగితే ఒక్కోదానికి అంత రాదు. సినిమాల్లో అయిదూ ఒకేసారి నిండుగా మోగే సందర్భాలు తక్కువ కాబట్టి ఇది పెద్ద సమస్య కాదు. బేస్‌ను 80 హెర్ట్జ్ దగ్గర కోసి సబ్‌వూఫర్‌కు మళ్ళించే సౌకర్యం వీటిలో ఉంటుంది, దాంతో మిగతా స్పీకర్ల మీదా యాంప్ మీదా భారం బాగా తగ్గుతుంది. ఈ ధరలో స్టీరియో యాంప్‌లలో చాలావాటికి సబ్ అవుట్ ఉన్నా ఈ కోత ఉండదు. రిసీవర్ మెనూలో 4 ఓమ్స్, 8 ఓమ్స్ అని ఒక సెట్టింగ్ కనిపిస్తుంది. 4కి మారిస్తే చాలా మోడళ్ళలో లోపలి వోల్టేజీ తగ్గి పవర్ పడిపోతుంది. 8లోనే ఉంచి, వేడి మీద ఒక కన్నేస్తే చాలు.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, క్యాబినెట్ కొని అసెంబుల్ చేయించుకునే దారి ఇప్పటికీ ఉంది. ఎల్ఏ4440 ఐసీ బోర్డు అంటే స్టీరియోలో ఛానల్‌కు 6 వాట్లు, అంతే. ఎల్‌ఎం3886 బోర్డు మంచిది, సరైన సప్లై ఇస్తే 8 ఓమ్స్‌కు 38 వాట్లు, 4 ఓమ్స్‌కు 68 వాట్లు డేటాషీట్ ప్రకారం. ట్రాన్సిస్టర్ బోర్డు మీద ఎన్ని జతల 5200, 1943 ట్రాన్సిస్టర్లు ఉన్నా పవర్ తేలేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెక్టిఫై అయ్యాక ప్లస్ 34, మైనస్ 34 వోల్టుల దగ్గర వస్తుంది, దాంతో 8 ఓమ్స్‌కు 50 వాట్లు దాటడం కష్టం. అది చాలు కూడా. స్పీకర్ ప్రొటెక్షన్ రిలే బోర్డు మాత్రం తప్పకుండా పెట్టించండి. ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే డీసీ అంతా వూఫర్‌కు వెళ్ళి కాయిల్‌ను మాడ్చేస్తుంది. స్పీకర్ తగిలించే ముందు అవుట్‌పుట్ మీద డీసీ కొలవండి, 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. పని తెలిసిన చెయ్యి ఉంటేనే ఈ దారిలోకి వెళ్ళండి.

వాల్వ్ యాంప్‌లు ఇష్టం మీద కొనేవి. ఒక్క 300బి వాల్వ్‌తో నడిచే సింగిల్ ఎండెడ్ యాంప్ 8 వాట్లు ఇస్తుంది. క్లిప్ష్ లాంటి 95 పైబడిన స్పీకర్లకు అది పుష్కలం, 85 డీబీ స్పీకర్‌కు మాత్రం దండగ. ఈఎల్34 పుష్‌పుల్ అయితే 35, 40 వాట్లు వస్తాయి. సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లకు యాంప్ చూసేటప్పుడు వాట్ల కన్నా నిశ్శబ్దం ముఖ్యం. పాట లేనప్పుడు ట్వీటర్ నుంచి వచ్చే సన్నటి సొద 85 డీబీ స్పీకర్‌లో వినపడదు, 96లో వినపడుతుంది.

ఇంత లెక్క మనవల్ల కాదనుకుంటే లోపలే యాంప్ ఉన్న యాక్టివ్ స్పీకర్లు తీసుకోండి. ఎడిఫయర్ ఆర్1280డీబీ మొత్తం 42 వాట్లది, చిన్న గదికి సరిపోతుంది. జత కలిపే పని కంపెనీయే చేసి పెట్టింది.

నేనైతే ఎల్‌ఎస్50 మెటాకు 4 ఓమ్స్ దగ్గర నిలబడే 60 నుంచి 100 వాట్ల యాంప్ పెడతాను. చెవులు పదునుగా ఉండి వాల్యూమ్ మితంగా ఉండే ఇంట్లో 45 వాట్ల మరాంట్జ్ కూడా తప్పు కాదు. 3020ఐకి కంపెనీ చెప్పేది 25 నుంచి 75 వాట్లు, 24 వోల్టుల చిన్న క్లాస్ డి యాంప్‌తో కూడా అవి సంతోషంగా మోగుతాయి. క్లిప్ష్‌కు వాట్లు అడగకుండా మంచి యాంప్ ఏదైనా సరే.

కరెంటు, వైరు

స్పీకర్ వైరు కోసం వేలు తగలేయొద్దు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఐదు మీటర్ల దూరానికి నిశ్చింతగా వాడొచ్చు, రానూపోనూ దాని రెసిస్టెన్స్ 0.12 ఓమ్ దగ్గర ఉంటుంది. 4 ఓమ్స్ స్పీకర్లకో, ఇంకా దూరానికో 2.5 వేయండి.

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ నడిపితే గుయ్‌మని హమ్ వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. కరెంటు పోయినప్పుడు పాటలు వినాలంటే సైన్ వేవ్ ఇన్వర్టరే ఉండాలి.

అమెరికా నుంచి అన్నయ్యో బావగారో పంపిన యాంప్ అయితే ప్లగ్ పెట్టే ముందు వెనక ప్లేట్ చదవండి. 100 నుంచి 240 వోల్టులని ఉంటే ప్లగ్ కన్వర్టర్ చాలు. అడాప్టర్‌తో నడిచే క్లాస్ డి యాంప్‌లు చాలావరకు ఇలాంటివే. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230లో పెట్టిన క్షణమే ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కూడా. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. వెనక రాసి ఉన్న వాట్ల వినియోగానికి రెట్టింపు సైజు తీసుకోండి, 250 వాట్లని ఉంటే 500 వీఏ. అది వోల్టేజీని మారుస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు, అందుకని ఆ యాంప్ అక్కడికన్నా ఇక్కడ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. పైన ఏమీ పెట్టకుండా, చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి.